మీగడ లేని చిక్కదనం

మరుగుతున్న టమాటా సూప్‌లో పాలు పోస్తే విరిగిపోతాయి. పాలలో ఉండే ముఖ్యమైన మాంసకృత్తి కేసీన్. అది కంటికి కనపడనంత చిన్న ఉండలుగా పాలలో తేలుతూ ఉంటుంది. ఆ ఉండల ఉపరితలం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ విడివిడిగా ఉంటాయి. పులుపు పెరిగే కొద్దీ ఆ ఆవేశం తగ్గుతుంది. పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు, ఉండలు గుంపులు కట్టి పలుకులవుతాయి. పండిన టమాటా రసం పీహెచ్ సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. హోటళ్లవాళ్లు పాలకు బదులు క్రీమ్ వాడటానికి కారణం ఇదే. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, కేసీన్ తక్కువ, అందువల్ల విరిగే భయమూ తక్కువ.

పాలు గానీ క్రీమ్ గానీ అసలు లేకుండానే ఆ చిక్కదనం, నాలుక మీద జారిపోయే ఆ నున్నదనం సాధించవచ్చు. రాజీపడి చేసుకునే వంటగా దీన్ని చూడనక్కర్లేదు. టమాటా విషయంలో పాలకంటే జీడిపప్పే తగిన జోడీ అని నా అభిప్రాయం. ఎందుకో ఈ అధ్యాయంలో చూద్దాం. సూప్‌తో పాటు కాల్చిన బ్రెడ్ సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే ఆ రెండూ ఒకే సూత్రానికి రెండు వైపులు. సూప్‌లో మనం చేసేదంతా నీటిని కట్టడి చేయడం. బ్రెడ్‌లో చేసేదంతా నీటిని వెళ్లగొట్టడం.

1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలిసి పాలు, గుడ్లు కూడా ముట్టని శాకాహారుల కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. వీగన్ అనే పేరు అప్పుడు పుట్టింది. తిండి మాత్రం అంతకు చాలా పాతది. మధ్యయుగపు ఐరోపాలో ఈస్టరు ముందు వచ్చే లెంట్ ఉపవాస కాలంలో క్రైస్తవులు మాంసంతో పాటు పాలూ వెన్నా కూడా మానేసేవారు. కలిగినవాళ్ల వంటిళ్లలో అప్పుడు బాదం పాలు రాజ్యమేలేవి. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు కూర్చిన ‘ఫోర్మ్ ఆఫ్ క్యూరీ’లో బాదం పాలతో చేసే వంటకాలు చాలా కనిపిస్తాయి. దక్షిణ స్పెయిన్‌లో ఈనాటికీ అహో బ్లాంకో అనే తెల్లని చల్లని సూప్ చేస్తారు. బాదం, నానబెట్టిన బ్రెడ్, వెల్లుల్లి, ఆలివ్ నూనె, వెనిగర్ కలిపి రుబ్బితే అదే సూప్. చుక్క పాలు ఉండవు. మన హైదరాబాదు మిర్చీ కా సాలన్ చూడండి. వేరుశనగలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరిన ముద్దే ఆ పులుసుకు ఒళ్లు ఇస్తుంది. వీళ్లెవరూ ప్రయోగశాలలో నేర్చుకోలేదు గానీ అందరూ పట్టుకున్న రహస్యం ఒకటే: నున్నదనం పాల సొత్తు కాదు, అదొక నిర్మాణం. అవే కొలతల్లో కట్టగలిగితే దేనితోనైనా కట్టవచ్చు.

ఆ కొలతలేమిటి? మన నాలుక చాలా నిశితమైన పరికరం. దాదాపు 25, 30 మైక్రాన్లకు మించిన గట్టి రేణువు తగిలితే ‘గరుకు’ అని చెప్పేస్తుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. చాక్లెట్ తయారీదారులు కోకోను ఈ హద్దుకు లోపల నూరడానికే అంత శ్రమపడతారు. పాలలోని కొవ్వు బిందువులు చాలావరకు 10 మైక్రాన్ల లోపే ఉంటాయి. ఫ్రెంచివాడు ఆగస్ట్ గోలాన్ 1899లో పేటెంటు తీసుకున్న హోమోజెనైజర్ యంత్రం వాటిని ఒక మైక్రాను కంటే చిన్నవిగా చితక్కొడుతుంది. ఈ బిందువులు నాలుకకూ అంగిలికీ మధ్య దొర్లుతూ రాపిడిని తగ్గిస్తాయి. వాటి చుట్టూ ఉన్న ద్రవం చిక్కగా ఉంటే నోట్లో ఇంకాస్త సేపు నిలుస్తాయి. చిన్న రేణువులు, చిన్న కొవ్వు బిందువులు, చిక్కబడిన నీరు: ఈ మూడూ కలిస్తే మెదడు దాన్ని మీగడ అనుకుంటుంది.

జీడిపప్పులో ఈ మూడింటికీ సరుకు సిద్ధంగా ఉంది. విత్తనాలు మొలకెత్తేటప్పుడు వాడుకోవడానికి నూనెను దాచుకుంటాయి. ఆ నూనె విత్తనంలో ముద్దగా ఉండదు. ఒక్కొక్క బిందువు చుట్టూ ఫాస్ఫోలిపిడ్ల పొర ఒకటి, అందులో గుచ్చుకున్న ఓలియోసిన్ అనే మాంసకృత్తులు కొన్ని. ఇవి బిందువులను ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా కాపాడతాయి. వాటి పరిమాణం ఒకటి రెండు మైక్రాన్లు. పాల కంపెనీ యంత్రం పెట్టి సాధించేదాన్ని విత్తనం తనంతట తానే చేసి పెట్టుకుంది. మనం చేయాల్సిందల్లా నీళ్లు పోసి రుబ్బి కణాల గోడలు పగలగొట్టడమే. బిందువులు చెక్కుచెదరకుండా నీటిలోకి వచ్చేస్తాయి. కొబ్బరి పాలు, బాదం పాలు, సోయా పాలు అన్నిటి వెనకా ఉన్నది ఇదే.

వీటిలో జీడిపప్పు ప్రత్యేకత వేరు. 100 గ్రాముల బాదంలో 12 గ్రాములకు పైగా పీచు ఉంటుంది, జీడిపప్పులో 3 గ్రాములే. బాదం పాలు గుడ్డలో వడకట్టక తప్పదు, జీడిపప్పు వడకట్టకుండానే నున్నగా వస్తుంది. పైగా పలాస, వేటపాలెం లాంటి చోట్ల గింజను కాల్చి, పగలగొట్టి, చివరికి పైనున్న ఎర్రని పొట్టు కూడా తీసేసి మనకు అందిస్తారు. గరుకు పుట్టించేది ఆ పొట్టే. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన ఈ చెట్టు ఉద్దానం ఇసుక నేలల్లో ఇంతగా పాతుకుపోయింది. ఆ పప్పు మన ఇళ్లలో పాయసం పైన నాలుగు పలుకులుగానే మిగలడం సరికాదు. ఇంకో విశేషం, జీడిపప్పులో ఇతర గింజలకంటే పిండిపదార్థం ఎక్కువ. అందువల్ల జీడిపప్పు పాలను వేడిచేస్తే గంజిలా చిక్కబడతాయి. రుబ్బిన ముద్దను దించబోయే ముందు కలిపి ఊరుకోకుండా, మరో ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉడికించమనడం ఇందుకే. పిండిరేణువులు నీరు పీల్చి ఉబ్బడానికి ఆ వేడీ ఆ సమయమూ కావాలి.

జీడిపప్పు మాంసకృత్తులు కూడా పులుపుకు కొంత గుంపుకడతాయి. కానీ ఆ ఉబ్బిన పిండిరేణువులు, టమాటా గుజ్జు వాటికి అడ్డం పడుతూ ఉంటాయి, పలుకులుగా విడిపోనివ్వవు. సోయా పాలకు ఆ రక్షణ లేదు, పులుపు తగిలితే ఆవుపాలలాగే విరుగుతాయి. కొబ్బరి పాలు విరగవు గానీ ఎక్కువసేపు మరిగిస్తే నూనె తేలుతుంది, చివర్లో పోసి ఒక్క పొంగు రానిచ్చి దించేయాలి. టమాటాకు జీడిపప్పే తగిన జోడీ అన్నది ఇందుకే.

ఇప్పుడు టమాటా దగ్గరికి వద్దాం. చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఇక్కడుంది. మొక్కల కణాలను, గోడలో ఇటుకలను సున్నం పట్టుకున్నట్టు, పెక్టిన్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. సూప్‌లోకి దిగిన పెక్టిన్ నీటిని చిక్కబరుస్తుంది. అయితే టమాటాలోనే ఆ పెక్టిన్‌ను తుంచే ఎంజైములు కూడా ఉన్నాయి. పండు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ వాటి పని నెమ్మదిగా సాగుతుంది. కోసినా, నలిపినా పెక్టిన్‌తో కలిసిపోయి వేగం పుంజుకుంటాయి. కోసి పక్కన పెట్టిన టమాటా ముక్కల గిన్నెలో నీళ్లు ఊరి, గుజ్జు పల్చబడటానికి ఇదొక కారణం. టమాటా పేస్టు చేసే ఫ్యాక్టరీల్లో దీన్ని రెండు పద్ధతులుగా వాడుకుంటారు. చిక్కని సాస్ కావాలంటే పండును చితక్కొడుతూనే వెంటనే 90 డిగ్రీలకు, ఆ పైకి వేడి చేసి ఎంజైములను చంపేస్తారు. రంగు, తాజా రుచి ముఖ్యమనుకుంటే 60, 70 డిగ్రీల దగ్గర ఆపుతారు, అప్పుడు గుజ్జు పల్చన. ఇంట్లో మనకు చిక్కదనం కావాలి కాబట్టి, నూనె బాగా కాగిన తరవాతే టమాటాలు కోసి, కోసినవి కోసినట్టే బాణలిలో వేయాలి. ముందు రోజు రాత్రే కోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం ఈ సూప్‌కు పనికిరాదు.

క్యారెట్, గుమ్మడి లాంటివి వేసేవారు వాటిని టమాటా కంటే ముందే మెత్తగా ఉడికించుకోవాలి. పులుపులో పెక్టిన్ గట్టిగా నిలబడుతుంది, కూరగాయ మెత్తబడదు. చింతపండు ముందే వేస్తే కందిపప్పు ఉడకదని తెలుగిళ్లలో ఎవరినడిగినా చెబుతారు, అదే సూత్రం. కాల్షియం ఎక్కువున్న బోరునీళ్లూ ఇలాగే అడ్డుపడతాయి. కాల్షియం పెక్టిన్ పోగులను ఒకదానికొకటి ముడివేసి బిగిస్తుంది. గట్టి నీళ్ల ఊళ్లలో సూప్‌కు మంచినీళ్లు వాడితే తేడా తెలుస్తుంది.

జీడిపప్పు తక్కువగా వాడదలచుకుంటే, క్యారెట్‌తో పాటు ఒక చెంచా బియ్యం వేసి మెత్తగా ఉడికించండి. ఫ్రెంచివాళ్లు రొయ్యలతో చేసే బిస్క్ సూప్‌ను కూడా సాంప్రదాయికంగా బియ్యంతోనే చిక్కబరిచేవారు. మన గంజి శక్తి మనకు తెలిసిందే. బంగాళాదుంప మాత్రం జాగ్రత్త. ఉడికిన దుంపను మిక్సీలో తిప్పితే బ్లేడు దెబ్బకు కణాలు పగిలి పిండిపదార్థమంతా బయటికొచ్చి సూప్ జిగురులా సాగుతుంది. దుంప వేయాలనుకుంటే గరిటెతో మెదిపి, జల్లెడలో రుద్ది కలపాలి.

రుచి సంగతి. మీగడ సూప్‌లకు లోతు ఇచ్చేది వాటిలో వాడే మాంసం ఉడికించిన నీళ్లని ఒక అభిప్రాయం ఉంది. ఆ లోతుకు ప్రధాన కారణం గ్లుటమిక్ ఆమ్లం. టోక్యోలో రసాయన శాస్త్రవేత్త కికునాయ్ ఇకెడా 1908లో దాన్ని కొంబు అనే సముద్రపు నాచు నుంచి వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. పండిన టమాటాలో ఇది సమృద్ధిగా ఉంటుంది. టమాటాలో ఎక్కడ అన్నది ఆసక్తికరం. 2007లో బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ప్రసిద్ధ వంటవాడు హెస్టన్ బ్లూమెంథల్‌తో కలిసి ప్రచురించిన పరిశోధనలో, గింజల చుట్టూ ఉండే జిగట గుజ్జులో పైనున్న కండలోకంటే కొన్ని రెట్లు ఎక్కువ గ్లుటమేట్ ఉందని తేలింది. గింజలు తీసేయమని చెప్పే వంట పుస్తకాలు రుచినే పారబోయిస్తున్నాయన్న మాట. అన్నీ కలిపి ఉడికించి, రుబ్బి, ఆ తరవాత జల్లెడ పట్టండి. గింజలూ తొక్కలూ పైన మిగులుతాయి, జిగట కిందికి దిగుతుంది.

టమాటాకు ఎర్రదనమిచ్చే లైకోపిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. జర్మనీలో విల్హెల్మ్ స్టాల్, హెల్ముట్ సీస్ 1992లో ప్రచురించిన ప్రయోగంలో, కొద్దిగా మొక్కజొన్న నూనె వేసి మరిగించిన టమాటా రసం తాగినవారి రక్తంలో లైకోపిన్ పెరిగింది. మరిగించని రసం తాగినప్పుడు పెరగలేదు. నూనె వేసి ఉడికించే సూప్ ఆ లెక్కన పచ్చి టమాటా కంటే మేలు. విటమిన్ సి కొంత వేడికి పోతుంది, అది వేరే విషయం.

ఇక వంట. నలుగురికి 600 గ్రాముల బాగా పండిన నాటు టమాటాలు, ఒక క్యారెట్, ఒక ఉల్లిపాయ, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, 40 గ్రాముల జీడిపప్పు, రెండు చిన్న చెంచాల వేరుశనగ నూనె చాలు. జీడిపప్పును వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. ముక్కలైన జీడిపప్పు చవకగా దొరుకుతుంది, రుబ్బేదానికి గుండు పలుకులు ఎందుకు? నూనెలో ఉల్లి, వెల్లుల్లి కొంచెం ఉప్పు చల్లి సన్న సెగ మీద రంగు మారనివ్వకుండా మగ్గించండి. క్యారెట్ ముక్కలు, నీళ్లు పోసి మెత్తబడే దాకా మూతపెట్టండి. మంట పెంచి టమాటాలు వేసి పావుగంట ఉడికించండి.

జీడిపప్పును విడిగా, ముందు రెండు మూడు చెంచాల నీళ్లతోనే ముద్దగా రుబ్బాలి. నీళ్లు ఎక్కువైతే పలుకులు బ్లేడును తప్పించుకుని తిరుగుతాయి. ముద్ద గట్టిగా ఉన్నప్పుడే రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని నలుగుతాయి. రోటిలో పచ్చడి నూరేవాళ్లు నీళ్లు ఆఖరున చల్లేది ఇందుకే. ముద్ద వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలని దాకా రుబ్బి, అప్పుడు నీళ్లు కలపండి.

ఉడికిన టమాటాను చల్లారనిచ్చి మిక్సీలో వేయండి. వేడిది మూత బిగించి తిప్పితే లోపల ఆవిరి ఒక్కసారిగా వ్యాకోచించి మూత ఎగిరిపడుతుంది, ముఖం కాలుతుంది. ఆగలేనివారు జార్‌ను సగానికి మించి నింపకూడదు, మూత సందులోంచి ఆవిరి పోయే దారి ఉంచి, పైన మందపాటి గుడ్డ పట్టి తిప్పాలి. జల్లెడ పట్టాక జీడిపప్పు పాలు కలపండి. ఎరుపు కాస్తా లేత నారింజలోకి మారుతుంది. కొవ్వు బిందువులు అన్ని రంగుల వెలుగునూ చెల్లాచెదురు చేసి తెల్లదనాన్ని కలపడమే ఆ మార్పు. పాలు తెల్లగా ఉండేదీ ఈ కారణంగానే. రంగు సమంగా మారిందంటే బిందువులు సమంగా పరుచుకున్నాయని గుర్తు. ఐదు నిమిషాలు సన్న సెగ మీద కలుపుతూ ఉడికించి, మిరియాల పొడి చల్లి దించండి.

దాదాపు లీటరు వచ్చే ఈ సూప్‌లో ఎంత కొవ్వుందో లెక్కకట్టి చూడండి. 40 గ్రాముల జీడిపప్పులో సుమారు 18 గ్రాములు, నూనెలో 9 గ్రాములు, మొత్తం 3 శాతం లోపే. ప్యాకెట్లలో అమ్మే టోన్డ్ పాలలో ఉండేంత. నోటికి మాత్రం 25 శాతం కొవ్వున్న క్రీమ్ వేసినంత చిక్కగా ఉంటుంది, ఎందుకంటే మిగతా పని పిండిపదార్థం, పెక్టిన్ చేశాయి.

బ్రెడ్ విషయానికొస్తే, తాజా బ్రెడ్ కంటే నిన్నటిదే మంచిది. బ్రెడ్ పాతబడటమంటే ఎండిపోవడమే అని అందరూ అనుకుంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త బూసింగో 1852లోనే ఇది పూర్తి నిజం కాదని చూపించారు. నీరు బయటికి పోకుండా మూసి ఉంచిన బ్రెడ్ కూడా గట్టిపడింది, తిరిగి వేడిచేస్తే మెత్తబడింది. కాల్చినప్పుడు ఉబ్బిన పిండిపదార్థపు పోగులు చల్లారాక మళ్లీ వరసలు కట్టి స్ఫటికాలవుతాయి, ఆ గట్టిదనం అదే. ఫ్రిజ్ చల్లదనంలో ఇది మరింత వేగంగా జరుగుతుంది. తినడానికి దాచుకునే బ్రెడ్ ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటైనా ఉంచండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి. టోస్టుకు మాత్రం ఆ గట్టిపడ్డ బ్రెడ్ విరగకుండా చక్కగా కోయడానికి వీలిస్తుంది.

బ్రెడ్ ముక్కలో మూడోవంతుకు పైగా నీరే. ఆ నీరున్నంతసేపూ ఉపరితలం 100 డిగ్రీలు దాటదు, రంగు రాదు. పైపొర ఎండి 140 డిగ్రీల దాకా వెళ్తే చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య చర్య జోరందుకుంటుంది. 1912లో దీన్ని మొదట వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరే దానికి పెట్టారు. వందల కొద్దీ వాసన పదార్థాలు ఇందులో పుడతాయి. వాటిలో ఒకటైన 2-ఎసిటైల్-1-పైరోలీన్, బాస్మతి బియ్యానికి పరిమళం ఇచ్చేదే. బ్రెడ్ పైపొరలోనూ దాన్ని శాస్త్రవేత్తలు గుర్తించారు.

పెద్ద మంట మీద పైన నల్లబడి లోపల తేమ మిగులుతుంది. బొటనవేలంత ముక్కలు కోసి, కొద్ది నూనె పట్టించి, పెనం మీద సన్న సెగన కదుపుతూ లోపలిదాకా ఎండనివ్వండి. బంగారు రంగు రాగానే ఆపేయండి. 120 డిగ్రీలకు మించి కాల్చిన పిండి పదార్థాల్లో అక్రిలమైడ్ పుడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. జంతువుల్లో అది కేన్సర్ కలిగిస్తుంది. రంగు ముదిరే కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది, మాడిన అంచులు గీకి పారేయడమే మేలు. కాల్చిన ముక్కలను స్టీలు పళ్లెంలో కుప్పపోస్తే వాటి ఆవిరి వాటికే తగిలి మెత్తబడతాయి. తీగల జాలీ మీద విడివిడిగా చల్లార్చండి.

కరకరలాడటం చెవికి కూడా సంబంధించిన రుచి. ఆక్స్‌ఫర్డ్‌లో జంపీని, స్పెన్స్ 2004లో బంగాళాదుంప చిప్స్ కొరికే శబ్దాన్ని మార్చి వినిపించి చూశారు. చప్పుడు పెంచినప్పుడు అదే చిప్ తాజాగా, కరకరగా ఉందని తిన్నవాళ్లు చెప్పారు. సూప్‌లో పడ్డ ముక్క నీరు పీల్చగానే ఆ శబ్దం పోతుంది. పూసిన నూనె కొంతసేపు కాపాడుతుంది, అంతే. ముక్కలను విడిగా పెట్టి, ఎవరికి వారు తినేటప్పుడే వేసుకోవాలి. సూప్‌ను చిక్కబరచడానికి బ్రెడ్ వాడదలిస్తే కాల్చనిది వేసి రుబ్బండి. గట్టిగా కాల్చినప్పుడు పిండిపదార్థపు పొడవాటి పోగులు తెగిపోయి చిక్కబరిచే శక్తి తగ్గుతుంది.

కొనే బ్రెడ్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే సరిపోదు. మన దేశంలో ఆ చుక్క పాలకూ వర్తిస్తుంది. పాలపొడి, వెన్న, నెయ్యి ఉన్నాయేమో పదార్థాల జాబితా చదవండి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు, గుర్తు తెచ్చింది, ఆ గుర్తుంటే సందేహం లేదు.

ఈ సూప్ రుచిలో పాలను మించగలదేమో గానీ పోషణలో పాలకు బదులు కాదు. 100 గ్రాముల పాలలో ఉండే 120 మిల్లీగ్రాముల కాల్షియం ఇందులో రాదు. బీ12 విటమిన్ అసలే లేదు, మొక్కల ఆహారంలో నమ్మదగిన బీ12 దొరకదు. పాలు పూర్తిగా మానేసినవారు రాగులు, నువ్వులు, ఆకుకూరలు రోజూ తినాలి, బీ12 మాత్రల గురించి వైద్యుణ్ణి తప్పక అడగాలి. జీడిపప్పు పడనివాళ్లున్నారు, కొందరికి అది ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి ఇంట్లో పొద్దుతిరుగుడు పప్పు, గుమ్మడి గింజల పప్పు ఇదే పద్ధతిలో వాడుకోవచ్చు. రంగు కొంచెం మారుతుంది. సూప్‌లో రుబ్బిన జీడిపప్పు కంటికి కనపడదు కాబట్టి, అతిథులకు వడ్డించే ముందే అది ఉందని చెప్పండి.